పది కిలోల బంగాళదుంపలు, ఇరవై తొమ్మిది రోజులు: ప్రాజెక్టు డైరీ

1వ రోజు: ఏరివేత

బంగాళదుంప గురించి చలామణిలో ఉన్న చిట్కాలకు లెక్కలేదు. వాటిలో ఏవి నిలుస్తాయో, ఏవి పడిపోతాయో తూకం, థర్మామీటరు, గడియారం దగ్గర పెట్టుకుని చేసి చూడటమే ఈ పని. నిలిచినవాటికి కొలత రాస్తున్నాం, పడినవాటికి కారణం రాస్తున్నాం.

సామాను: 10 కిలోల దుంపలు, గ్రాముల్లో చూపే త్రాసు, 200 డిగ్రీలు దాటి చూపే వంట థర్మామీటరు, ఉప్పు, వెనిగర్, వంట సోడా, నిమ్మకాయలు, టింక్చర్ అయోడిన్ చిన్న సీసా, పలుచని నూలు గుడ్డ.

ముందు ఏరడం. పచ్చబారినవి 300 గ్రాములు, పారో గునపమో తగిలి గాయపడినవి 400 గ్రాములు, మిగతా 9.3 కిలోలు నికరంగా ఉన్నాయి. పచ్చరంగు పత్రహరితం వల్ల వచ్చేదే, దానితో ప్రమాదం లేదు. కానీ దుంపకు వెలుగు తగిలిందన్న గుర్తు అది. అదే వెలుగుకు సోలనిన్, చాకొనిన్ అనే చేదు విషాలు కూడా తొక్క దగ్గర పెరుగుతాయి. ఉడికిస్తే, వేయిస్తే పోతాయనుకోవడం పొరపాటు. వంటలో వచ్చే వేడికి అవి విరగవు. చిన్న మచ్చ అయితే చుట్టూ మందంగా చెక్కేసి వాడుకోవచ్చు. సగానికి సగం పచ్చగా ఉంటే, లేదా నాలుకకు చేదు తగిలితే పారేయడమే. ఆ 300 గ్రాములూ వంట గది దాటించాం, మచ్చు కోసమైనా ఉంచలేదు.

గాయపడినవి నిలవవు. ముందు వాటినే ఖర్చు పెట్టాలి, లేదంటే ఒకటి కుళ్లి పక్కవాటిని తడుపుతుంది. ఇవి 3వ రోజు స్టార్చ్, అంటే దుంపలోని పిండి, తీయడానికి.

నిల్వ: అట్టపెట్టెలో, అడుగున, పక్కల రంధ్రాలు పెట్టి, పైన మందపాటి గుడ్డ కప్పి, కడగకుండా. దుంప కోత తర్వాత కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో పెడితే అది వదిలే తేమ అక్కడే నిలిచి కుళ్లు మొదలవుతుంది. ఉల్లిపాయలు వేరే చోట పెట్టాలి, వాటికి పొడి గాలి కావాలి, దుంపలు వదిలే తేమ వాటికి పడదు. నిల్వకు 7 నుంచి 10 డిగ్రీల చీకటి గది శ్రేష్ఠం. అది లేని ఇంట్లో ఉన్నంతలో చల్లటి మూల. ఫ్రిజ్ మాత్రం కాదు అంటారు. ఎందుకు కాదో తేలడానికి కిలో దుంపలు 4 డిగ్రీల ఫ్రిజ్‌లో, కిలో దుంపలు అట్టపెట్టెలో విడిగా పెట్టి చీటీ అంటించాం. ఫలితం 15వ రోజున.

2వ రోజు: ఉప్పు నీళ్ల పరీక్ష

ఈ డైరీలో ఒక్క రోజు చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. దుంపలు రెండు తీర్లు. ఒకటి పిండి తీరు: ఉడికితే పొడిపొడిగా విచ్చుకుంటుంది. మెదపడానికి, వేయించడానికి, ఓవెన్‌లో కాల్చడానికి బాగుంటుంది. రెండోది మైనపు తీరు: ఉడికినా ముక్క ముక్కలాగే ఉంటుంది. పులుసుకూ, సలాడ్‌కూ, ముక్కలు కనపడాల్సిన ఏ కూరకైనా అదే మేలు. కూర ముద్దయిందన్నా, మెదిపింది జిగటగా సాగిందన్నా, చాలాసార్లు చెయ్యి తప్పు కాదు, దుంప తీరు తప్పు.

పేరు చూసి, తొక్క చూసి తీరు చెప్పడం కష్టం. నీళ్లు చెబుతాయి. పిండి ఎక్కువున్న దుంప బరువెక్కువ, సాంద్రత ఎక్కువ.

లీటరు నీళ్లకు 120 గ్రాముల ఉప్పు. అడుగున రేణువు మిగలకుండా కలపాలి. కడిగి తుడిచిన దుంపను మెల్లగా వదలాలి. మునిగితే పిండి తీరు, తేలితే మైనపు తీరు. మూడు లీటర్ల నీళ్లలో 360 గ్రాముల ఉప్పు కలిపి దశలవారీగా చూశాం. మునిగినవి 5.1 కిలోలు, తేలినవి 3 కిలోలు, మధ్యలో ఊగిసలాడినవి 1.2 కిలోలు. అంటే ఒకే సంచిలో రెండు తీర్లూ ఉన్నాయి. ఆశ్చర్యం ఏమీ లేదు, ఒకే మొక్క కింద ఊరినవైనా ముదురులో తేడా ఉంటుంది.

తప్పే చోట్లు: తొక్కకు గాలి బుడగలు అంటుకుని ఉంటే మునగాల్సింది తేలుతుంది, వేలితో ఒకసారి తిప్పాలి. లోపల గుల్ల ఉన్న పెద్ద దుంప కూడా తేలుతుంది. అలాంటిది అనుమానం వస్తే కోసి చూడటమే. పరీక్ష అయ్యాక మంచి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టెలోకి. ఫ్రిజ్‌లో పెట్టిన కిలో, దాని జత కిలో రెంటినీ మునిగినవాటితో మార్చి పెట్టాం, లేకపోతే పోలికకు అర్థం ఉండదు.

3వ రోజు: స్టార్చ్ తీయడం

గాయపడిన 400 గ్రాములకు మునిగినవాటిలో 600 గ్రాములు కలిపి కిలో చేశాం. దెబ్బ భాగాలు చెక్కేసి, సన్నటి కోరుతో తురుమాలి. తురుము ఎంత సన్నగా ఉంటే అంత స్టార్చ్ బయటికొస్తుంది, ఎందుకంటే అది కణాల లోపల రేణువులుగా ఉంటుంది. కణం పగలకపోతే రేణువు రాదు. మిక్సీ వాడితే లీటరు చల్లటి నీళ్లు పోసి తిప్పొచ్చు, వేడి నీళ్లు వద్దు. సుమారు 60 డిగ్రీల దగ్గర రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బిపోతాయి, ఇక అడుగుకు దిగవు.

తురుముకు లీటరు నీళ్లు కలిపి గుడ్డలో పిండాలి. పిప్పికి మరో అర లీటరు పోసి మళ్లీ పిండాలి. పిండిన నీళ్లు అరగంట కదపకుండా ఉంచితే అడుగున తెల్లగా పేరుకుంటుంది, పైన నీళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. పై నీళ్లు వంచేసి, కొత్త నీళ్లు పోసి కలిపి, మళ్లీ అరగంట. మూడుసార్లు చేస్తే తెల్లగా వచ్చింది. ఒక్క కడుగుతో ఆపితే బూడిద రంగు పొడి మిగులుతుంది, వాసన కూడా.

పళ్లెంలో పలుచగా పరిచి నీడలో ఆరబెట్టాం. ఎండలో పెట్టినా నష్టం లేదు, కానీ ఓవెన్ వేడి మాత్రం తగలకూడదు, తడి మీద ఉడికి అట్టు కడుతుంది.

పిండేసిన పిప్పి మీద ఒక చుక్క అయోడిన్ వేస్తే నల్లటి నీలం రంగు వచ్చింది. ఇంకా స్టార్చ్ ఉందన్నమాట. ఇంట్లో చేత్తో మొత్తం రాదు.

4వ రోజు: ఉడికించడం, మూడు గిన్నెలు

తేలిన దుంపల్ని 2 సెం.మీ. ముక్కలు చేసి, గిన్నెకు 250 గ్రాముల చొప్పున, లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. మొదటిది మామూలు నీళ్లు. రెండోదానిలో పెద్ద చెంచా వెనిగర్, అంటే 15 మి.లీ. మూడోదానిలో పావు చెంచా వంట సోడా.

12 నిమిషాలకు మూడూ వార్చాం. మామూలు నీళ్లవి ఉడికాయి, అంచులు కాస్త గుండ్రబడ్డాయి. వెనిగర్‌వి అంచులు కోసినట్టే ఉన్నాయి, పంటికి గట్టి. సోడావి పైన బురదగా విడిపోతున్నాయి, జల్లెడలో వేయగానే ముద్ద అంటుకుంది. కణాన్ని కణానికి అతికించే పెక్టిన్ పులుపులో గట్టిగా నిలుస్తుంది, క్షారంలో కరుగుతుంది. చింతపండు పులుసులో ముందే వేసిన ముక్క ఎంత మరిగినా ఉడకదు అని విసుక్కోవడానికి కారణం ఇదే. మెత్తగా కావాలంటే ముక్క ఉడికాక పులుపు పోయాలి. విరగకూడదంటే ముందే పోయాలి. అదే గుణం, రెండు వాడుకలు.

ముక్క ఇంకా గట్టిగా నిలవాలంటే 60 నుంచి 65 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి, చల్లార్చి, తర్వాత మామూలుగా ఉడికించాలి. ఆ వేడిలో దుంపలోని ఒక ఎంజైము పెక్టిన్‌ను మార్చి, కాల్షియంతో బిగుసుకునేలా చేస్తుంది. తర్వాత అరగంట ఎక్కువ ఉడికినా ముక్క విచ్చుకోలేదు. పెద్ద గిన్నెలో వండి మళ్లీ మళ్లీ వేడిచేసే వంటలకు ఈ శ్రమ దక్కుతుంది. రెండు పూటల కూరకు అక్కర్లేదు.

మొత్తం దుంప అయితే చల్లటి నీళ్లలో వేసి పొయ్యి వెలిగించాలి. మరిగే నీళ్లలో వేస్తే లోపలికి వేడి చేరేలోపు పైపొర ఉడికి చిట్లుతుంది. 150 గ్రాముల దుంపలు తెర్లు వచ్చాక సన్నటి సెగ మీద 25 నిమిషాలు పట్టాయి. చాకు దిగి, దుంపను ఎత్తితే జారిపడాలి, అదీ గుర్తు.

తొక్క సులువుగా రావడానికి: ఉడికించే ముందే నడుము చుట్టూ చాకుతో ఒక గీత, తొక్క మందం మాత్రమే. ఉడికాక 10 సెకన్లు ఐసు నీళ్లలో ముంచి రెండు చేతులతో రెండు వైపులకూ లాగితే టోపీల్లా ఊడివచ్చాయి. పదింటిలో తొమ్మిది. పదోది గీత లోతై ఉడుకుతూనే రెండు ముక్కలైంది.

ఉడికిన దుంప కొన బూడిద రంగుకు తిరగడం ఇంకో ఫిర్యాదు. కోసిన పచ్చి దుంప నల్లబడటం వేరు, ఇది వేరు. పచ్చిది గాలి తగిలి ఎంజైము వల్ల నల్లబడుతుంది, నీళ్లలో ముంచి ఉంచితే చాలు. ఉడికినది మాత్రం దుంపలోని ఇనుము, క్లోరోజెనిక్ ఆమ్లం కలిసి గాలికి రంగు మారడం. ఉడుకు సగం అయ్యాక లీటరుకు ఒక చెంచా నిమ్మరసం పిండితే తగ్గుతుంది. మొదట్లోనే పిండితే, పైన రాసిన కారణం చేత, ఉడుకే ఆలస్యం.

6వ రోజు: మెదపడం

మునిగిన దుంపలు 600 గ్రాములు, వెన్న 70 గ్రాములు, వేడి పాలు 120 మి.లీ., ఉప్పు 6 గ్రాములు.

చెక్కు తీసి పెద్ద ముక్కలుగా ఉడికించి, వార్చి, అదే గిన్నెలో సన్నటి సెగ మీద 2 నిమిషాలు ఆవిరి పోయేదాకా తిప్పాలి. ఈ 2 నిమిషాలు చాలామంది ఎగ్గొడతారు. మిగిలిన తడి పాల చోటు తినేస్తుంది, ముద్ద నీళ్లోడుతుంది. ఆపైన ముందు వెన్న, తర్వాత పాలు. కొవ్వు ముందు చేరితే స్టార్చ్‌కు పూత పట్టి జిగురు తగ్గుతుంది. పాలు చల్లగా పోస్తే ముద్ద బిగుస్తుంది.

సగం పప్పుగుత్తితో మెదిపాం, సగం మిక్సీలో 20 సెకన్లు తిప్పాం. మిక్సీది పెద్ద చెంచాతో ఎత్తితే బంక సాగినట్టు సాగింది. ఉడికి ఉబ్బిన కణాలు బ్లేడుకు పగిలి స్టార్చ్ అంతా బయటపడింది. దానికి తిరుగు మందు లేదు, పాలు పోసినా బంకే. పారేయకుండా సూపు చిక్కబరచడానికి వాడాం, అక్కడ బాగానే కలిసింది.

7వ రోజు: ఉప్పెక్కువైతే దుంప పీలుస్తుందా

ఎక్కువమంది నమ్మే చిట్కా కాబట్టి లెక్కతో చూశాం. లీటరు నీళ్లలో 10 గ్రాముల ఉప్పు, అంటే 1 శాతం. అందులో 200 గ్రాముల చెక్కు తీసిన దుంప, రెండు ముక్కలు, అరగంట మరగడం.

దుంపలో సుమారు 160 గ్రాములు నీళ్లే. ఉప్పు పూర్తిగా సర్దుకుని దుంప లోపలా బయటా సమానమైందనుకున్నా, 10 గ్రాముల ఉప్పు 1,160 గ్రాముల నీళ్లకు పంచుకుంటుంది. 1 శాతం కాస్తా 0.86 అవుతుంది. అదీ అరగంటలో కాదు. ముక్క కోసి రుచి చూస్తే పైన కొద్ది మిల్లీమీటర్లు ఉప్పగా, నడుమ చప్పగా ఉంది. దుంప ఉప్పును ఏరుకుని తాగదు, ఉప్పు నీళ్లు తాగుతుంది. దాన్ని తీసిపారేస్తే ఉప్పుతో పాటు కూరా పోతుంది.

160 మి.లీ. నీళ్లు పోసినా అదే పని జరిగేది. దుంప ముక్కల్ని కూరలోనే ఉంచి తింటే మాత్రం అర్థం ఉంది, ఎందుకంటే అప్పుడు ఉప్పు లేని పదార్థం పెంచి మొత్తాన్ని పలుచన చేసినట్టు. ముక్కలు చిన్నవిగా వేయాలి, పెద్దవి వేస్తే పులుసు ఉప్పగా, ముక్క చప్పగా ఉండిపోతుంది.

9వ రోజు: వేయించడం

వేలెడంత కడ్డీలు, మందం 10 మి.మీ., మునిగిన దుంపలు 500 గ్రాములు. తేలినవాటితో 250 గ్రాములు పోలికకు.

మొదట కడగాలి. కోసినప్పుడు పగిలిన కణాల స్టార్చ్ పైన ఉంటుంది, అది ముక్కల్ని ఒకదానికొకటి అతికిస్తుంది, ముందే మాడుతుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా, అంటే మూడు నాలుగుసార్లు. వెనిగర్ కలిపిన నీళ్లలో, లీటరుకు 15 మి.లీ. చొప్పున, 8 నిమిషాలు ఉడికించి వార్చి గుడ్డ మీద పరిచి 10 నిమిషాలు ఆరబెట్టాం. తడి ముక్క నూనెలో పడితే పొంగి పైకి వస్తుంది. చేయి కాలేది అక్కడే.

మొదటి వేపుడు 150 డిగ్రీలు, 4 నిమిషాలు, రంగు రాకూడదు. తీసి అరగంట చల్లార్చాలి. రెండో వేపుడు 175 డిగ్రీలు, 3 నిమిషాలు. లీటరు నూనెలో ఒక విడతకు 150 గ్రాములు మించి వేస్తే వేడి ఒక్కసారిగా పడిపోయి ముక్క నూనె తాగుతుంది. థర్మామీటరు లేకపోతే చెక్క గరిటె కాడ ముంచి చూడండి. చుట్టూ సన్నటి బుడగలు నిలకడగా వస్తే వేయించడానికి సిద్ధం. పొగ వస్తే మించిపోయింది.

మునిగినవి పైన కరకర, లోపల పొడిపొడి. తేలినవి వేగినప్పుడు బాగానే ఉన్నాయి, 5 నిమిషాలకు మెత్తబడ్డాయి, లోపలి నీళ్లు పైకి వచ్చి పెంకును తడిపాయి. నూనెలోంచి తీయగానే ఉప్పు చల్లాలి. మూత మాత్రం పెట్టకండి.

పలుచని చిప్స్‌కు 1.5 మి.మీ. బిళ్లలు, ఒకే వేపుడు, 170 డిగ్రీలు, బుడగలు దాదాపు ఆగేదాకా. బుడగలంటే లోపలి నీళ్లు ఆవిరవుతున్నట్టు. అవి ఆగకముందే తీస్తే చల్లారాక వంగుతాయి. కిలో దుంపలకు పావు కిలో నుంచి 300 గ్రాముల దాకా చిప్స్, అంతకు మించి ఆశించొద్దు, మిగతాది ఆవిరే.

నూనె తక్కువ కావాలనుకునేవాళ్లకు ఓవెన్ దారి. 4వ రోజు చెడగొట్టిన సోడాకు ఇక్కడ పని దొరికింది. రెండు లీటర్ల నీళ్లకు అర చెంచా సోడా, 4 సెం.మీ. ముక్కలు, 10 నిమిషాలు. వార్చి, 2 పెద్ద చెంచాల నూనె వేసి గిన్నెను గట్టిగా కుదపాలి, ముక్క చుట్టూ దుంప గుజ్జే పూతలా పట్టేదాకా. ఆ గరుకు పూతే కరకర. 220 డిగ్రీల ఓవెన్‌లో 45 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పడం. మొదటి 20 నిమిషాలు కదపొద్దు, పళ్లేనికి అంటుకున్న పెంకు ఊడిపోతుంది.

చెక్కులు 150 గ్రాములు పోగయ్యాయి. పెద్ద చెంచా నూనె పట్టించి 200 డిగ్రీల్లో 15 నిమిషాలు పెడితే అవీ కరకరలాడాయి. పచ్చబారిన, మొలకెత్తిన దుంపల చెక్కులు ఈ పనికి పనికిరావు, చేదు విషం ఉండేది తొక్క దగ్గరే.

10వ రోజు: ఫ్రీజర్

పచ్చి ముక్కలు నేరుగా పెట్టినవి బయటికి తీయగానే నీళ్లు కార్చి నల్లబడ్డాయి. 3 నిమిషాలు మరిగే నీళ్లలో వేసి, ఐసు నీళ్లలో చల్లార్చి, తుడిచి, పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి సంచిలో వేసినవి బాగున్నాయి. ఉడికిన మొత్తం దుంప స్పంజిలా తయారైంది. వెన్న కలిపి మెదిపింది నిలిచింది.

11, 12 రోజులు: ఇంటి పనులు

స్టార్చ్ ఆరింది. 92 గ్రాములు. వేళ్ల మధ్య నలిపితే కిర్రుమంటుంది. సీసాలో పోశాం.

చిక్కదనానికి: పావు లీటరు పులుసుకు ఒక చెంచా, ముందు చల్లటి నీళ్లలో కలిపి, దించే ముందు పోయాలి. మొక్కజొన్న పిండి కంటే త్వరగా, తేటగా చిక్కబడుతుంది. కానీ ఎక్కువసేపు మరిగిస్తే, గట్టిగా కలిపితే మళ్లీ పలుచబడుతుంది, ఉబ్బిన రేణువులు చితికిపోతాయి. అందుకే ఆఖర్న.

గంజికి: లీటరు నీళ్లకు 10 గ్రాములు. కొద్ది చల్లటి నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోసి, తేటబడేదాకా కలిపి, చల్లార్చి వడకట్టాలి. నూలు బట్టకు బాగా పట్టింది, సింథటిక్‌కు అసలు పట్టలేదు. గంజి పెట్టిన బట్ట నెలల తరబడి బీరువాలో దాచకూడదు, స్టార్చ్ కోసం పురుగులు చేరతాయి.

జిగురుకు: 10 గ్రాముల స్టార్చ్ 20 మి.లీ. చల్లటి నీళ్లలో, దాని మీద సలసల కాగే నీళ్లు 80 మి.లీ., కలుపుతూ. కాగితానికి కాగితం అతుకుతుంది, అట్టకూ సరే, చెక్కకు చాలదు. రెండు రోజుల్లో వాసన వస్తుంది, నాలుగు చుక్కల వెనిగర్ వేస్తే ఇంకొంచెం ఆగుతుంది.

పలుచని రేకు: 10 గ్రాముల స్టార్చ్, 60 మి.లీ. నీళ్లు, 5 మి.లీ. వెనిగర్, 5 మి.లీ. గ్లిసరిన్. సన్నటి సెగ మీద తేటగా ముద్దయ్యేదాకా కలిపి, నూనె రాసిన పళ్లెంలో 2 మి.మీ. మందంలో పరిచాం. రెండు రోజులకు వంగే రేకుగా ఊడివచ్చింది. గ్లిసరిన్ లేనిది ఎండాక పగుళ్లిచ్చింది. పిల్లల ప్రదర్శనకు ముచ్చటగా ఉంటుంది, నీళ్లు తగిలితే మెత్తబడిపోతుంది కాబట్టి వాడుకకు కాదు.

తుప్పు మీద: కోసిన దుంప మీద ఉప్పు అద్ది చాకు మీద 10 నిమిషాలు రుద్దితే పైపై తుప్పు పోయింది. దుంపలో కొద్దిగా ఆక్సాలిక్ ఆమ్లం ఉంది, ఉప్పు గరుకు. ముఖం జిడ్డెక్కగానే పలుచని పొర కోసి కొత్త ముఖంతో రుద్దాలి. ఉప్పుకు బదులు వంట సోడా అద్దమనే చిట్కా ఉంది. ఉన్న కాస్త ఆమ్లాన్నీ సోడా చంపేస్తుంది, రాపిడి తప్ప మిగలదు. గుంటలు పడ్డ తుప్పుకు ఏదీ పనిచేయలేదు, దానికి వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టడమే. ఎలా తోమినా వెంటనే కడిగి, తుడిచి, నూనె రాయకపోతే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

స్నానాల గది అద్దం: కోసిన ముఖంతో రుద్ది పొడి గుడ్డతో తుడిస్తే ఆవిరి మసక ఆ పూట పట్టలేదు. మర్నాటికి పట్టింది. ఎక్కువ రుద్దితే తెల్లటి చారలు.

అచ్చులు: సగానికి కోసి, బొమ్మ మిగిలేలా చుట్టూ 5 మి.మీ. లోతు చెక్కి, కాగితం మీద బోర్లించి 15 నిమిషాలు తడి పీల్పించాలి. అది మానేస్తే రంగు కారి అంచు చెదురుతుంది. చిక్కటి రంగు వాడాలి. అచ్చు ఆయుష్షు ఒక్క రోజు.

దుంప ఉడికిన నీళ్లు పోస్తే కలుపు చస్తుందన్న మాట నిజమే, కానీ మహిమ వేడి నీళ్లది. ఉప్పు వేసి ఉడికించిన నీళ్లు మొక్కల దగ్గర పోయకూడదు.

రెండు చిట్కాలు చేయకుండానే కొట్టేశాం. విరిగిన బల్బు మొదలును దుంప గుచ్చి తిప్పి తీయమనడం ఒకటి. తడి దుంపలో కరెంటు పారుతుంది. మెయిన్ ఆపి, చేతి తొడుగు వేసుకుని ముక్కు పటకారుతో తీయడమే సరైన పని. కాలిన చోట పచ్చి దుంప అద్దమనడం రెండోది. కాలితే పారే చల్లటి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. పచ్చి దుంప మీద మట్టి, సూక్ష్మజీవులు ఉంటాయి, పుండు మీదికి వాటిని ఎక్కించుకోవడం ఎందుకు?

13వ రోజు: దుంప బ్యాటరీ

జింకు పూత మేకు ఒకటి, రాగి తీగ ఒకటి, ఒకదానికొకటి తగలకుండా 3 సెం.మీ. దూరంలో గుచ్చాలి. మీటరులో 0.9 వోల్టుల చుట్టుపక్కల. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి రెండు వోల్టుల దాకా కావాలి, అంటే కనీసం మూడు దుంపలు వరుసగా కలపాలి. మూడింటితో వెలగలేదు, వోల్టేజి ఉన్నా కరెంటు చాల్లేదు. 8 నిమిషాలు ఉడికించిన దుంపలతో అదే వరుస మసకగా వెలిగింది. ఉడికితే కణాల గోడలు వదులై లోపలి నిరోధం తగ్గుతుంది, వోల్టేజి పెద్దగా మారదు. 2010లో వచ్చిన ఒక పరిశోధన ఇదే 8 నిమిషాల ఉడుకుతో శక్తి పది రెట్ల దాకా పెరగవచ్చని చూపింది.

శక్తి వచ్చేది దుంప నుంచి కాదు, కరిగే జింకు నుంచి. అందుకే ఈ దుంపలు తినకూడదు. చెత్తబుట్టకే.

15వ రోజు: ఫ్రిజ్ పరీక్ష

4 డిగ్రీల్లో 13 రోజులు ఉన్నవాటిలో అర కిలో, పెట్టెలో ఉన్నవాటిలో అర కిలో. రెండూ 10 మి.మీ. కడ్డీలు, కడిగి తుడిచి, ముందు ఉడికించకుండా, 175 డిగ్రీల్లో ఒకే వేపుడు.

పెట్టెవి 6 నిమిషాలకు బంగారు రంగు. ఫ్రిజ్‌వి మూడో నిమిషానికే గోధుమ రంగు తిరిగి, నాలుగుకు ముదురు ఇటుక రంగు, లోపల ఇంకా పచ్చి. నమిలితే తియ్యగా, వెనక చేదుగా ఉన్నాయి. చలిలో దుంప తన స్టార్చ్‌ను చక్కెరలుగా మార్చుకుంటుంది, ఆ చక్కెరలే వేడి నూనెలో త్వరగా రంగెక్కేది. ఇదే చర్యలో 120 డిగ్రీలు దాటితే అక్రిలమైడ్ అనే హానికర పదార్థం కూడా పుడుతుంది. వేయించిన, కాల్చిన దుంపల్లో అది ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. రంగు ముదిరిన కొద్దీ అదీ ఎక్కువ, కాబట్టి బంగారు రంగు దగ్గర ఆపడం రుచి కోసమే కాదు.

ఫ్రిజ్ దుంపల్ని ఉడికిస్తే ఈ గొడవ లేదు, రుచి కాస్త తియ్యబడుతుందంతే. ఒక గుప్పెడు కడ్డీల్ని 65 డిగ్రీల నీళ్లలో 15 నిమిషాలు నానబెట్టి వేయిస్తే రంగు ఒక మెట్టు తగ్గింది. చక్కెర నీళ్లలోకి దిగింది, పూర్తిగా కాదు.

ఫ్రిజ్‌లో మిగిలిన అర కిలో బయటికి తీసి చీకటి పెట్టెలో, 18 నుంచి 20 డిగ్రీల్లో పెట్టాం. వెచ్చదనంలో చక్కెర కొంత తిరిగి స్టార్చ్ అవుతుంది, కొంత ఊపిరిలో ఖర్చవుతుంది.

22వ రోజు

పెట్టెలో ఒక దుంప అడుగున తడిబారింది, వాసన. తీసేసి, పక్కవాటిని పొడి గుడ్డతో తుడిచి, కాగితం మార్చాం. రెండింటికి కళ్ల దగ్గర తెల్లటి మొనలు.

29వ రోజు

ఫ్రిజ్ నుంచి తీసి 14 రోజులైన అర కిలో, మొదటి నుంచీ పెట్టెలో ఉన్న అర కిలో. రెంటికీ 5 మి.మీ. మొలకలు వచ్చాయి. దుంప గట్టిగానే ఉంది కాబట్టి చాకు మొనతో కన్ను లోతుగా తవ్వి తీసి వాడాం. ముడతలు పడి మెత్తబడి ఉంటే వాడేవాళ్లం కాదు.

అదే మందం, అదే 175 డిగ్రీలు, అదే 6 నిమిషాలు. ఫ్రిజ్ దుంపలు ఈసారి మాడలేదు. రెండు పళ్లేలు పక్కపక్కన పెడితే ఒక ఛాయ ముదురు, విడిగా చూస్తే తెలియదు. తీపి లేదు.